బెజవాడ నుంచి హైదరాబాద్: విమానమా, రోడ్డా?

ఫ్లైట్‌లో గంటే కదా అంటారు. ఆ గంట టికెట్ మీదిది. గన్నవరం నుంచి శంషాబాద్‌కి గాల్లో దూరం 260 కిలోమీటర్ల పైమాటే, రోడ్డు మీద ఊరి నుంచి ఊరికి 275 దాకా. అంటే దూరంలో పెద్దగా కలిసొచ్చేదేం లేదు.

నేను లెక్క ఇంటి గుమ్మం నుంచే వేస్తాను. బెంజి సర్కిల్ నుంచి గన్నవరానికి 40 నిమిషాలు. సాయంత్రం పూట రామవరప్పాడు రింగ్ దగ్గరే సగం టైమ్ పోతుంది. బ్యాగ్ ఇచ్చే కౌంటర్ బయలుదేరే టైమ్‌కి గంట ముందే మూసేస్తారు, కాబట్టి గంటంబావు ముందు అక్కడుండాలి. ప్రయాణం 65 నిమిషాలు, దిగి బ్యాగ్ తీసుకునేసరికి 25, అక్కడి నుంచి గచ్చిబౌలికి గంట. మొత్తం నాలుగు గంటల 25 నిమిషాలు. చేతిసంచీతో వెళ్లి, ముందే వెబ్ చెకిన్ చేసుకుంటే అరగంట తగ్గుతుంది. ఏటీఆర్ అనే చిన్న విమానం పడితే మాత్రం పెద్ద ట్రాలీ పైఅరలో పట్టదు, విమానం దగ్గరే తీసుకుని కింద వేస్తారు. డిసెంబర్, జనవరి ఉదయాల్లో గన్నవరంలో మంచు పట్టిందంటే ఈ లెక్కలన్నీ తారుమారే.

కారులో ఎల్బీ నగర్‌కి నాలుగున్నర గంటలు. సూర్యాపేట దాదాపు సగం దారి, టీకి అక్కడే ఆగడం నయం. గచ్చిబౌలి వైపు వెళ్లేవాళ్లు ఊళ్లోకి దూరకుండా పెద్దఅంబర్‌పేట దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కాలి. మరో గంట వేసుకోండి. ఎల్బీ నగర్ పక్కనే ఉండే దిల్‌సుఖ్‌నగర్, వనస్థలిపురం వాళ్లకి ఆ గంట కూడా ఉండదు, అందుకే విమానం దండగ. శంషాబాద్‌లో దిగి ఇంకో ఫ్లైట్ ఎక్కేవాళ్లకైతే నిజంగా పనికొస్తుంది.

దారిలో టోల్‌గేట్లు నాలుగు: కీసర, చిల్లకల్లు, కొర్లపహాడ్, పంతంగి. ఫాస్టాగ్ వార్షిక పాస్‌కి 200 ట్రిప్పులు అంటారు కానీ ఒక్కో గేటూ ఒక్కో ట్రిప్పే. వెళ్లిరావడానికి ఎనిమిది పోతాయి. పైగా ఔటర్ మీద ఆ పాస్ చెల్లదు. పాస్ ఉందన్న ధీమాతో ఫాస్టాగ్‌లో డబ్బులు వేయకపోతే అక్కడ ఇరుక్కుంటారు, వెనక హారన్లు మొదలవుతాయి. సంక్రాంతికి పంతంగి క్యూ సంగతి చెప్పక్కర్లేదు. భోగికి రెండు మూడు రోజుల ముందు హైదరాబాద్ నుంచి వచ్చేవాళ్లు తెల్లారేలోపు ఆ గేటు దాటేయాలి.

వానాకాలంలో నందిగామ దగ్గర ఐతవరం వద్ద మున్నేరు మీద ఓ కన్నేయాలి. 2023 జులైలో, 2024 సెప్టెంబర్‌లో నీళ్లు హైవే మీదికే వచ్చి రాకపోకలు ఆగిపోయాయి. అలాంటప్పుడు నందిగామ దాకా వెళ్లి చూద్దామనుకోకుండా గుంటూరు, పిడుగురాళ్ల, మిర్యాలగూడ మీదుగా నార్కట్‌పల్లి చేరడమే మార్గం. చుట్టు ఎక్కువే, హైవే మీది లారీలన్నీ కూడా అటే వస్తాయి.