తారాతారిణి యాత్రలో మేనత్త కొంగు

బరంపురంలో స్థిరపడిన మా వంటి తెలుగు కుటుంబాలలోనూ, ఇరుగుపొరుగు ఒడియా వారి వలెనే, పిల్లల పుట్టువెంట్రుకలను తారాతారిణి అమ్మవార్లకు సమర్పించే ఆనవాయితీ ఉన్నది. గంజాం జిల్లా పురుషోత్తమపురం దగ్గర, ఋషికుల్య ఒడ్డున కుమారి కొండపై వెలసిన ఈ జంట దేవతలకు చైత్ర మంగళవారాలు ఎంతో విశేషం కనుక, మా తమ్ముడి కొడుకు మొక్కు కూడా అటువంటి మంగళవారమే తీర్చాలని పెద్దలు నిర్ణయించారు.

కీళ్లు వాచి బిగుసుకుపోయే రుమటాయిడ్ ఆర్థరైటిస్ జబ్బుతో బతుకుతున్న నాకు తెల్లవారుజాము అన్నింటికన్నా కష్టమైన వేళ. లేచిన తరువాత గంటకు పైగా వేళ్లు ముడుచుకోవు, మణికట్లు తిరగవు. ఈ జబ్బుకు వాడే మెథోట్రెక్సేట్ మాత్ర వారానికి ఒక్కసారే, సోమవారం రాత్రి వేసుకుంటాను. మరునాడంతా వికారం, నీరసం. ప్రయాణం మంగళవారమని వినగానే, మాత్ర రోజు మార్చవచ్చునేమో కనుక్కుందామని నా స్నేహితురాలు నన్ను డాక్టరుగారి దగ్గరకు తీసుకువెళ్లింది. ఆయన సలహా మేరకు ఆ వారం మాత్రను బుధవారానికి జరిపాము. నా మాత్ర ఏ రోజో గుర్తుపెట్టుకునే మనిషి నాకు ఉన్నదన్న సంగతి ఆ రోజు నాకు కొండంత ధైర్యం ఇచ్చింది.

చైత్ర మంగళవారం నాడు చీకటితోనే జనం బారులు తీరుతారని తెలిసినా, "వదినా, మీ చేతులు స్వాధీనంలోకి వచ్చాకే బయలుదేరుదాం, క్యూలో కాసేపు ఎక్కువ నిలబడతాం, అంతే కదా" అని మరదలు తేల్చి చెప్పింది. తమ్ముడు, మరదలు పిల్లవాడిని ఎత్తుకుని 999 మెట్లూ ఎక్కారు. నేను అమ్మతో కలిసి రోప్‌వేలో వెళ్లాను.

మా ఇంట్లో పుట్టువెంట్రుకలు తీసేటప్పుడు మేనమామ ఒడిలో పిల్లవాడు కూర్చోవాలి, మేనత్త కొంగు పట్టాలి. వాచిన చేతులతో నేను పట్టగలనా అని బంధువులలో ఒకరు సందేహించి, మరొకరిని పిలవమన్నారు. మరదలు ఒప్పుకోలేదు. నా పైట చెంగును నా మోకాళ్ల మీద పరిచి, రెండు అంచులనూ నా పిరుదుల కింద దోపి, నేను గట్టిగా పట్టుకోవలసిన పనే లేకుండా చేసింది. పసుపు రాసిన ఆ మెత్తని వెంట్రుకలు గుత్తులు గుత్తులుగా నా ఒడిలో పడుతుంటే, పిల్లవాడు ఏడుస్తూనే నా బొటనవేలు పట్టుకున్నాడు. నొప్పి పుట్టినా వేలు తీసుకోలేదు. జబ్బు మనిషినని పక్కన కూర్చోబెట్టడం ఎవరికైనా సులభమే, కానీ నా స్థానం నాకే ఉంచి పనిని నా చేతులకు తగినట్లు మలచిన మరదలికి నేను జన్మంతా రుణపడి ఉంటాను.

తిరుగు దారిలో, మాతో పాటు వచ్చిన స్నేహితురాలు నీళ్ల సీసా మూత ముందే వదులు చేసి నా చేతికిచ్చింది. ఆ మాత్ర వాడుతున్నందుకు నేను కాలేయం, రక్తకణాల పరీక్షలు చేయించుకునే గడువు దగ్గర పడిందని గుర్తుచేసి, ఆ ఉదయం తానే ఆటో తీసుకుని మా వీధికి వస్తానని అమ్మకు చెప్పింది.