కిలిమంజారోకి ఎన్ఓసీ: నా అనుభవం

దేశం దాటడానికి అభ్యంతరం లేదంటూ మా శాఖ ఇచ్చే ఎన్ఓసీ, అంటే ఆ అనుమతి ఉత్తర్వు (ప్రొసీడింగ్స్), నిన్న సాయంత్రం నాలుగున్నరకి చేతికొచ్చింది. టాంజానియాలో ఉన్న కిలిమంజారో కొండెక్కడానికి నేనెక్కే విమానానికి ఇంకా పదకొండు రోజులుంది. కోపం చల్లారకముందే రాసేస్తున్నాను, చల్లారితే మర్యాదగా రాయాల్సి వస్తుంది.

నేను తిరుపతి దగ్గర ఒక ప్రభుత్వ హైస్కూల్లో తెలుగు టీచర్ని. వయసు 52. ఇరవై ఆరేళ్లుగా పిల్లల గోల మధ్యనే బతుకు. కొండెక్కడం దేనికని అడిగినవాళ్లందరికీ ఒకటే జవాబు చెప్పాను: తొమ్మిది రోజులు నన్నెవరూ "టీచర్!" అని పిలవకూడదు.

అందుకే దారి కూడా అలాంటిదే వెతుక్కున్నాను. కిలిమంజారోకి మచామే దారిలో వెళితే తిరునాళ్లే. నార్తర్న్ సర్క్యూట్ అని ఇంకోటుంది. సుమారు 90 కిలోమీటర్లు, తొమ్మిది రోజులు. పడమటి నుంచి లెమోషో దారిలో ఎక్కి, షిరా పీఠభూమి దాటాక జనమంతా దక్షిణానికి పోతుంటే, ఇది ఉత్తరానికి తిరుగుతుంది. అటు దిగువన కెన్యా మైదానాలు. రోజులు ఎక్కువ కాబట్టి ఒంటికి ఎత్తు మెల్లగా అలవాటవుతుంది. శిఖరం 5,895 మీటర్లు, అక్కడ మనకి అందే ఆక్సిజన్ కింద దొరికేదాంట్లో సగం. అయిదు రోజుల్లో ఎక్కించేస్తాం అనేవాళ్ల మాట వినకండి.

వేసవి సెలవుల్లో వెళ్లడం కుదరదు. మార్చి నుంచి మే దాకా అక్కడ పెద్ద వానలు. సంక్రాంతి సెలవులు చాలవు. మిగిలింది దసరా, దానికి ముందు ఓ నాలుగు రోజుల సెలవు.

ఎల్లో ఫీవర్ టీకా ఒక పూటలో అయిపోయింది (ప్రయాణానికి పది రోజుల ముందే వేయించుకోవాలి, మర్చిపోకండి). వీసా ఆన్‌లైన్లో, 50 డాలర్లు. ఇన్సూరెన్స్‌లో 6,000 మీటర్ల దాకా ట్రెక్కింగ్‌కి వర్తిస్తుందని కాగితం మీద రాయించుకున్నాను. సాధనకి అలిపిరి మెట్లు ఉండనే ఉన్నాయి. 3,550 మెట్లు, వారానికి మూడుసార్లు, వీపున ఎనిమిది కిలోల బియ్యం. నా సగం వయసు పిల్లలు గాలిగోపురం దగ్గర కూలబడుతుంటే నేను ఆగకుండా పోయేదాన్ని. గొప్ప కాదు, ఉన్న మాటే.

ఇక ఫైలు సంగతి.

ప్రభుత్వ ఉద్యోగి దేశం దాటాలంటే శాఖ అనుమతి ఉండాలి. జూన్ చివర్లో హెచ్ఎం గారి సంతకంతో దరఖాస్తు పంపాను. పాస్‌పోర్ట్ జిరాక్సు, కేసులేవీ పెండింగ్‌లో లేవన్న కాగితం, ఖర్చు నా సొంత డబ్బుతోనే అన్న డిక్లరేషన్, అక్కడ ఉద్యోగంలో చేరనన్న అండర్‌టేకింగ్, అన్నీ పెట్టాను. మూడు వారాలు చప్పుడు లేదు. ఆఫీసుకి వెళ్లి అడిగితే, టపాల్లో వచ్చిందిగానీ ఫైలు చూసే గుమాస్తా సీటుకి రాలేదన్నారు. సీటు పక్క గదిలోనే ఉంది.

సీటుకి చేరాక మొదటి కొర్రీ (అభ్యంతరం): ప్రయాణ తేదీలకి రుజువుగా టికెట్టు జతచేయలేదు. అనుమతి లేకుండా టికెట్టు ఎలా కొనను సార్ అంటే, టికెట్టు లేకుండా అనుమతి ఎలా ఇస్తాం మేడమ్ అన్నాడు ఆ సీనియర్ అసిస్టెంట్. కొన్నాను. డబ్బు తిరిగిరాని రకం.

రెండో కొర్రీ: ప్రయాణ కారణం స్పష్టంగా లేదు. "పర్వతారోహణ" అని చక్కగా రాశాను, ఇంకేం స్పష్టత కావాలి? ఆయన గొంతు తగ్గించి, "అమ్మాయి దగ్గరికని రాయండి మేడమ్, అందరూ అదే రాస్తారు, వెంటనే అయిపోతుంది" అన్నాడు. మా అమ్మాయి ఉండేది బెంగళూరులో. అబద్ధం రాస్తే రెండు రోజులు, నిజం రాస్తే రెండు నెలలు. పిల్లల చేత సత్యం పలకమని కాపీ రాయించేది మేమేనా అనిపించింది. రాయలేదు. ఫైలు మళ్లీ కిందికి వెళ్లింది.

మూడో కొర్రీ ఆగస్టులో. ఆ రోజు గదిలో ఎనిమిది మంది ఉన్నారు. "ఒక్కరే వెళ్తున్నారా? మీవారు ఒప్పుకున్నారా?" ఒప్పుకోవడమేంటన్నాను. "ఏం లేదు మేడమ్, రేపు ఏదన్నా అయితే మా మీదకొస్తుంది. ఆయన చేత ఒక అంగీకార పత్రం రాయించుకురండి." వెనక బెంచీలో ఎవరో, "తిరుమల ఉందిగా, అంత దూరం దేనికి" అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, అదే నాకిప్పటికీ మంట. కిందటేడు మా స్కూల్లోనే ఒక సార్ దుబాయి వెళ్లొచ్చారు. భార్య ఒప్పుకుందా అని ఆయన్ని ఎవరూ అడగలేదు. నేను కనుక్కున్నాను.

అలాంటి పత్రం కావాలని రూల్లో ఎక్కడుందో చూపించమని పోట్లాడాల్సింది. టికెట్టు డబ్బు గుర్తొచ్చి పోట్లాడలేదు.

ఇంటికొచ్చి ఆయన ముందు తెల్లకాగితం పెట్టాను. "ఏమని రాయాలి?" అన్నారు. నేనే చెప్పాను, ఆయన రాశారు. నా భార్య శ్రీమతి ఫలానా పర్వతారోహణకు వెళ్లుటకు నాకు ఎట్టి అభ్యంతరము లేదు. పర్వతారోహణలో ణకారానికి నకారం వేశారు. ఎర్ర పెన్నుతో సున్నా చుట్టి, ఇంకో కాగితం ఇచ్చాను. కిక్కురుమనకుండా మళ్లీ రాశారు. ఆ పూట కాస్త మనసు కుదుటపడింది.

ఆ కొండ మీద గైడ్లు అడుగడుగునా "పోలే పోలే" అంటారట. స్వాహిలీలో మెల్లగా, మెల్లగా అని. మా ఫైలుకి ఆ భాష ముందే వచ్చు.

ఇంకో మాట, ఇది ఆఫీసు గురించి కాదు. ఆ పార్కులో లైసెన్సున్న గైడ్ లేకుండా ఎక్కనివ్వరు. ఏకాంతం కావాలని వెళ్లే నా ఒక్కదాని వెంట గైడు, వంటమనిషి, పోర్టర్లు కలిపి చిన్న ఊరేగింపే. పార్కు రుసుములే నా తొమ్మిది రోజులకి వెయ్యి డాలర్లు దాటాయి. అందుకని కారుచౌకగా తీసుకెళ్తామంటే ఆ మిగులు పోర్టర్ల కూలిలోంచే అనుకోండి. వాళ్ల జీతాల మీద కన్నేసి ఉంచే కేపాప్ అనే సంస్థ ఉంది, దాని జాబితాలో పేరు చూసే ఏజెన్సీని ఎంచుకున్నాను. వంద డాలర్ల కోసం బేరం ఆడలేదు. బడ్జెట్టు ఎక్కువైందని మా తమ్ముడు ఇప్పటికీ సణుగుతున్నాడు.

పోర్టర్ మోసే నా బ్యాగు 15 కిలోలు దాటకూడదు. ఈ పొద్దున కిరాణా కొట్టు కాటా మీద పెడితే 16 కిలోల 200 గ్రాములు వచ్చింది. కందిపొడి డబ్బా, రెండో స్వెట్టరు తీశాను. ప్రొసీడింగ్స్ మాత్రం ప్లాస్టిక్ కవర్లోంచి తీసి గుడ్డసంచిలోకి మార్చాను, టాంజానియాలో ప్లాస్టిక్ సంచులు నిషేధం. ఇప్పుడు 14 కిలోల 900.