గుణుపురం దాకా ఇంటర్‌కమ్

ఈరోజు పొద్దున్న ఎనిమిదింటికే వెళ్లి ఆఫీసు తాళం తీయించుకుని కూర్చున్నాను. ఒడిశాలోని రాయగడలో ఉన్న మా ఆఫీసు ఫోన్లనూ గుణుపురం గోడౌన్‌లోని ఫోన్లనూ ఇంటర్నెట్ మీదుగా ఒకే ఇంటర్‌కమ్‌గా కలిపే పని పది రోజులుగా నడుస్తోంది. ఎరువులు, విత్తనాల వ్యాపారంలో ఆషాఢమంతా ఫోను మీదే గడుస్తుంది. గోడౌన్‌లో ఏ రకం ఎన్ని బస్తాలు మిగిలిందో తెలియనిదే ఇక్కడ బిల్లు రాయలేం. రైతు కౌంటరు ముందు నిలబడి ఉండగా సెల్‌ఫోను పట్టుకుని సిగ్నలు కోసం వాకిట్లోకి పోవలసి వస్తున్నందుకు నాకు చాలాకాలంగా మనసులో కష్టంగా ఉండేది.

నంబర్ల సంగతి ముందే తేల్చుకున్నాం. రెండు చోట్లా లోపలి ఫోన్లను ఒకదానితో ఒకటి కలిపే పాత ఈపీఏబీఎక్స్‌లు ఒకే మనిషి బిగించినవి కావడంతో ఇక్కడా 21 ఉంది, అక్కడా 21 ఉంది. మా పెద్ద గుమస్తాగారు ఆ 21తోనే ఇన్నేళ్లూ పనిచేశారు, మార్చవద్దని నన్ను ప్రత్యేకంగా పిలిచి అడిగారు. అందుకని రాయగడ నంబర్లకు ముందు 2, గుణుపురం నంబర్లకు ముందు 3 చేర్చాను. ఆయన ఇప్పుడు 221, గోడౌన్ లెక్కలు చూసే అప్ప 321. ఎవరి పాత నంబరూ పోలేదు. రౌటర్లు కూడా ఇదే తీరు. రెండింటిలోనూ లోపలి పరికరాలకు ఇచ్చే చిరునామాలు కొన్ననాటి నుంచీ 192.168.1 వరసలోనే ఉండడంతో, ఏ చిరునామా ఏ ఊరిదో వాటికి తేడా తెలిసే వీలు లేదు. ఇక్కడ 192.168.10, అక్కడ 192.168.20 అని వరసలు విడదీసి, నడుమ వీపీఎన్ టన్నెల్ (ఇంటర్నెట్ గుండా మన రెండు చోట్ల మధ్యే సాగే సొంత దారి) కట్టడం నిన్నటితో పూర్తయింది.

తొమ్మిదింటికి మొదటిసారి 321 నొక్కాను. రెండో రింగుకే అప్ప ఎత్తింది. "హలో... హలో... ఎవరండీ?" అన్న మాట పక్కగదిలోంచి వచ్చినంత స్పష్టంగా వినిపించింది. నేను పలికాను. ఆమె మళ్లీ "హలో" అంది. ఇంకా గట్టిగా పలికాను. గోడౌన్ రేకుల కప్పు మీద వాన పడుతున్న చప్పుడు, ఎవరో హమాలీ ఒడియాలో లెక్క పెడుతున్న గొంతు, చివరికి ఆమె పక్కవాళ్లతో "మోగుతోంది గానీ మాట రావడం లేదు" అన్నది కూడా నాకు వినిపిస్తూనే ఉంది, నా మాట మాత్రం ఒక్కటీ ఆమెకు చేరలేదు. మరి కాసేపటికి లైను దానంతట అదే తెగిపోయింది. మళ్లీ చేశాను, మళ్లీ అంతే. మూడోసారి గడియారం చూసుకుంటూ చేస్తే, ఆమె ఎత్తిన తరువాత సరిగ్గా 32 సెకన్లకు తెగింది. నాలుగోసారీ 32 సెకన్లే.

ఆ అంకె చూశాకే నాకు ధైర్యం వచ్చింది. లైను బాగోలేక తెగేది ఒకసారి పది సెకన్లకు, ఒకసారి రెండు నిమిషాలకు తెగుతుంది, ప్రతిసారీ ఒకే సెకను దగ్గర ఆగదు. 2002లో వెలువడిన ఆర్‌ఎఫ్‌సీ 3261 అనే పత్రమే ఇంటర్నెట్ ఫోన్లలో కాల్‌ను కలిపే, ముగించే సిప్ పద్ధతికి ఆధారం. ఫోను ఎత్తినవైపు "ఎత్తాను" అని చెప్పి, అవతలి నుంచి "అందింది" అన్న జవాబు కోసం ఎదురు చూడాలి. అర సెకను అన్న ప్రాథమిక వ్యవధికి 64 రెట్లు, అంటే 32 సెకన్లు గడిచినా ఆ జవాబు రాకపోతే సంభాషణ ముగించాలని అందులో ఉంది. గుణుపురంలో ఫోన్లను కలిపే పెట్టె చేసింది అదే. మేము పంపిన "అందింది" దానికి చేరడం లేదు. మా మాట కూడా చేరడం లేదు. అయితే రెండూ ఒకే తప్పు చిరునామాకు పోతున్నాయన్నమాట.

లైనులో పోయే సమాచారాన్ని చూపించే టీసీపీడంప్‌తో పట్టి చూశాను. ఆస్టరిస్క్ అనే ఫోన్ ఎక్స్ఛేంజీ సాఫ్ట్‌వేర్ నడిచే ఆ గుణుపురం పెట్టె తన మాటల చిరునామాగా 192.168.20 వరసలోనిది కాక, వీధి గుమ్మం లాంటి తన ఇంటర్నెట్ చిరునామాను మాకు చెబుతోంది. బయటి సెల్‌ఫోన్ యాప్ కోసం ఇదివరకు ఎవరో పెట్టిన ఏర్పాటు అది, తప్పేమీ కాదు. కానీ "ఇంటివాళ్లు ఎవరు" అన్న జాబితాలో రాయగడ వరసను చేర్చకపోవడంతో, టన్నెల్ గుండా ఇంటిలోపలి నుంచే వచ్చిన మమ్మల్ని అది బయటివాళ్లుగా లెక్కగట్టింది. మేము ఆ వీధి గుమ్మానికి పంపినదంతా వాళ్ల రౌటర్ ఫైర్‌వాల్ దగ్గర ఆగిపోయింది. మా చిరునామా మేము సరిగానే చెప్పాం కనుక ఆమె మాట మాకు చేరింది. రింగు వేరే దారిన వస్తుంది, మాట వేరే దారిన వస్తుంది అని చదువుకున్నాను గానీ, ఆ వానచప్పుడు వింటూ జవాబివ్వలేక నిలబడ్డాక అది నాకు నిజంగా అర్థమైంది. జాబితాలో ఒక్క వరస చేర్చి, పెట్టెను మళ్లీ మొదలుపెట్టించాను.

ఈసారి అప్ప "తమ్ముడూ, వినిపిస్తోంది!" అంది. మేమిద్దరం మరి కొంచెంసేపు ఏమీ లేకపోయినా మాట్లాడుకున్నాం, 32 సెకన్లు దాటాలని.

మధ్యాహ్నం మాట తెగితెగి వచ్చింది. గోడౌన్‌లోని కెమెరాలు తీసినదంతా ఆ వేళకే ఇంటర్నెట్‌లోకి ఎక్కుతోంది. మాటను అంకెలుగా మార్చి పంపడానికి మేము వాడుతున్నది జీ.711 అనే పద్ధతి, అందులో మన దేశపు ఎక్స్ఛేంజీలు వాడే ఏ-లా రకం. మాటకు సెకనుకు 64 కిలోబిట్లు, మాటను మోసే ప్రతి పొట్లం ముందూ చేర్చే చిరునామా తలకట్లు కలిపితే 80, టన్నెల్‌తో సహా నూరు దాటుతుంది. మాటను ఇంకా కుదించి పంపే జీ.729కు మారితే అందులో సగం కూడా పట్టదు, కానీ అక్కడ మిల్లు మోత వెనకాల ఉండగా "పది"కీ "పదహారు"కీ తేడా తెలియాలి, అందుకు ఒప్పుకోలేదు. సెకనుకు యాభై చిన్న పొట్లాలుగా పోయే మాటకు కావలసింది వెడల్పు కాదు, వరస తప్పకుండా సమయానికి చేరడం. అందుకని మాట పొట్లాలకు 46 అనే ప్రాధాన్య ముద్ర వేయించి, గుణుపురం రౌటర్‌లో ముందు వాటిని వదలమన్నాను. కెమెరాలకు హద్దు పెట్టాను. నడిమి ఇంటర్నెట్ ఆ ముద్రను పట్టించుకోకపోయినా, ఇరుకు ఉన్నది మన గుమ్మం దగ్గరే కనుక సరిపోయింది. పోయిరావడానికి 40 మిల్లీసెకన్లు పడుతోంది. ఒకవైపు 150 లోపు ఉంటే సంభాషణకు ఇబ్బంది లేదని అంతర్జాతీయ టెలికాం సంస్థ ఐటీయూ సిఫారసు జీ.114 చెబుతుంది.

యజమానిగారు మాత్రం ఒకటి అడిగారు: ఇక్కడి నుంచి గోడౌన్ దాకా ఈ దారిన పోయి, అక్కడి టెలిఫోను లైనులోకి దిగి గుణుపురం డీలర్లతో మాట్లాడవచ్చు కదా అని. ఆ పని మన దేశపు టెలికాం నిబంధనలకు విరుద్ధమని, మన మనుషులు మనలో మాట్లాడుకోవడానికే ఈ దారి అని చెప్పి, పెట్టెలో కూడా ఆ మార్గాన్ని మూసేశాను. ఆయన వెంటనే ఒప్పుకున్నారు.

కరెంటు సంగతి మిగిలింది. ఇప్పుడు ఫైబర్ డబ్బా, రౌటర్, స్విచ్ మూడూ వెలుగుతుంటేనే ఫోను పనిచేస్తుంది. గుణుపురంలో ఆ మూడింటినీ ఇన్వర్టర్ లైనుకు మార్చమని ఎలక్ట్రీషియన్‌కు చెప్పాను, సోమవారం వస్తానన్నాడు.

సాయంత్రం ఏడింటికి పెద్ద గుమస్తాగారి 221 మోగింది. అప్ప యూరియా, డీఏపీ, పొటాష్ నిల్వలు వరసగా చదువుతుంటే ఆయన ఒక్కసారి కూడా "మళ్లీ చెప్పమ్మా" అనకుండా ఖాతా పుస్తకంలో ఎక్కించుకున్నారు. పెట్టెలో చూస్తే ఆ కాల్ నాలుగు నిమిషాల పదకొండు సెకన్లు సాగింది. నంబర్ల జాబితా తెలుగులోనూ ఒడియాలోనూ రాసి ఉంచాను. రేపటి లారీ డ్రైవరు చేతికిస్తే అక్కడ గోడకు అంటిస్తారు.