‘సోఁ’ అనబోయి ‘సాఁ’ అన్నాను: నా డెల్ఫ్ అనుభవం

నిన్ననే రిజల్ట్ వచ్చింది. ఫ్రెంచ్ పరీక్ష డెల్ఫ్ బీ1 పాసయ్యాను, 100కి 64. పాస్ మార్కు 50, ఒక్కో భాగంలో 25కి కనీసం 5 రావాలి. వినడం, చదవడం, రాయడం ఎలాగో గట్టెక్కాయి. పరువు పోయింది మాట్లాడే పరీక్షలోనే.

అసలు తప్పు నా గొప్పలదే. ఫ్రాన్స్‌లో, లియోన్‌లోని మా ఆఫీసులో ఇటలీ, రుమేనియా వాళ్ళున్నారు. శబ్దానికి ఇటాలియన్ సువోనో, పోర్చుగీసు సోఁ, రుమేనియన్ సూనెత్, అన్నీ లాటిన్ ‘సోనుస్’ బంధువర్గమేననీ, ఇంగ్లీషువాళ్ళు చివర ఒక ‘డ’ తగిలించుకుని సౌండ్ చేశారనీ, మన ‘స్వనం’ కూడా వీటికి దాయాదేననీ వాళ్ళకి లెక్చర్లు దంచేవాణ్ణి. ఫ్రెంచ్‌లో అదే ‘సోఁ’.

పరీక్షలో నాకొచ్చిన చీటీ: పై ఇంటావిడ టీవీ గోల గురించి ఆవిడతోనే మాట్లాడాలి. గోలకి అందరూ వాడే మాట ‘బ్రుయీ’. నాకది మొదటి నెలలోనే వచ్చు. కానీ మన పాండిత్యం ఊరుకుంటుందా? ‘సోఁ’ వాడదామనుకున్నాను. నోట్లోంచి ‘సాఁ’ అని పడింది. సాఁ అంటే రక్తం.

“మేడం, రోజూ రాత్రి మీ ఇంట్లోంచి రక్తం వస్తోంది.”

పై ఇంటావిడగా నటిస్తున్న ఎగ్జామినర్ పెన్ను కింద పెట్టింది. “రక్తమా?”

భలే నటిస్తోంది అనుకుని నేనింకా రెచ్చిపోయాను. “అవును మేడం, చాలా ఎక్కువ. పదింటికి మొదలైతే రెండింటిదాకా ఆగదు. కాస్త తగ్గించండి.”

పక్కన మార్కులేసే ఆవిడ కాగితం మొహానికి అడ్డం పెట్టుకుంది. చివరికి ఎగ్జామినర్ చెవి చూపించి “బ్రుయీ?” అంది. అప్పుడు వెలిగింది. తర్వాత ఏం మాట్లాడానో గుర్తులేదు.

ఆన్‌లైన్ క్లాసుల సార్ “ముక్కుతో అనేయండి, ఏదైనా ఒకటే” అన్నాడు. అలాంటివాళ్ళకి ఫీజు కట్టకండి. ‘సోఁ’కి పెదవులు సున్నాలా చుట్టాలి, ‘సాఁ’కి నోరు తెరవాలి, రెండిటికీ చివర ‘న్’ అనకూడదు. తోఁట, వాఁడు అని మన పాత పుస్తకాల్లో ఉన్న అరసున్న సరిగ్గా ఇదే. బళ్ళో ఒక్కరైనా పలికించి ఉంటే నాకీ ఖర్మ పట్టేది కాదు.

మాట్లాడేదాంట్లో 25కి 11 వచ్చాయి. ఇది ఆఫీసులో చెప్పడం ఇంకో తప్పు. ఇటలీ అతను ఈరోజు కాఫీ మెషీన్ దగ్గర, పై ఇంటి రక్తం తగ్గిందా అని అడిగాడు.