లఫ్‌బరో మేజోళ్ల పెన్షను

బ్రిటన్ పెన్షను నిన్న నా ఖాతాలో పడింది, బకాయిలతో సహా. సంతోషమే. కోపం మాత్రం ఇంకా దిగలేదు. అది దిగేలోపే రాసేస్తున్నాను. ఆలస్యం చేస్తే అందరినీ క్షమించేసి మర్యాదగా రాస్తానేమోనని నా అనుమానం.

లఫ్‌బరో ఇంగ్లండు నడిమధ్యన, లెస్టర్‌కు ఉత్తరంగా పదకొండు మైళ్ల దూరంలో ఉంటుంది. 1221 నుంచి సంత హక్కు ఉన్న ఊరు. గురువారం, శనివారం సంత. వారమంతా ఫ్యాక్టరీలు. రైలింజన్లు, క్రేన్లు, లేడీబర్డ్ వారి పిల్లల పుస్తకాలు, మేజోళ్లు, చర్చి గంటలు అన్నీ అంత చిన్న ఊళ్లోనే తయారయ్యేవి. లండన్ సెయింట్ పాల్ చర్చిలో పదహారు టన్నులకు పైబడిన గంటను 1881లో పోత పోసింది ఇక్కడే. మావారికి అక్కడ విద్యుత్ యంత్రాల ఫ్యాక్టరీలో ఉద్యోగం. పెళ్లయిన మరుసటి ఏడు, 1981 ఫిబ్రవరిలో, నన్ను తీసుకెళ్లారు. ఇంట్లో ఒక్కదాన్నే కూర్చుని గోడలు చూడలేక మార్చిలోనే మేజోళ్ల ఫ్యాక్టరీలో చేరాను. బి.ఎ. చదివి సాక్సులు కుట్టడమేమిటని మా అత్తగారు తెనాలి నుంచి ఉత్తరం రాశారు. వారం తిరిగేసరికి చేతికొచ్చే జీతం కవరు గురించి నేను జవాబు రాశాను. ఆ తర్వాత ఆవిడ ఆ ప్రస్తావన తేలేదు.

పెన్షను సంగతి. 2016 ఏప్రిల్ తర్వాత పెన్షను వయసుకు చేరినవారికి కనీసం పదేళ్ల నేషనల్ ఇన్సూరెన్స్, అంటే జీతంలోంచి సర్కారుకు కట్టే చందా, ఉంటేనే పెన్షను. పూర్తి మొత్తం రావాలంటే ముప్ఫై అయిదేళ్లు కావాలి. అంతకు తక్కువైతే ఉన్న ఏళ్లను బట్టి ఇస్తారు. దేశం విడిచి వచ్చేసినా హక్కు పోదు, ఇండియాలోని బ్యాంకు ఖాతాకే వేస్తారు. మావారి దరఖాస్తు సాఫీగా సాగిపోయింది. నాకు 2024లో అరవై ఆరు నిండుతాయనగా నేనూ దరఖాస్తు పెట్టాను. ఫారం నింపడం కష్టమేమీ కాదు. బ్యాంకు వివరాలు, పాస్‌పోర్టు నకలు, అంతే.

జవాబు వచ్చింది. నా లెక్కలో ఎనిమిదేళ్లే ఉన్నాయట. పదేళ్లు లేవు కనుక ఏమీ రాదట.

ఎనిమిదేళ్లు ఎలా అయ్యాయో నాకు తెలుసు. 1985 ఫిబ్రవరిలో మా అమ్మాయి పుట్టింది. అంతకు ముందు నాలుగేళ్లు పని చేశాను. తర్వాత నాలుగేళ్లు ఇంట్లో ఉన్నాను. 1989 వసంతంలో మళ్లీ అదే ఫ్యాక్టరీలో సాయంత్రం షిఫ్టుకు చేరాను. మావారు ఇంటికొచ్చి కోటు విప్పేలోపు నేను కోటు తొడుక్కుని బయలుదేరేదాన్ని. 1993లో తిరిగి వచ్చేశాం. పనిచేసిన ఏళ్లు రెండు నాలుగులు ఎనిమిది. పిల్లను పెంచిన నాలుగేళ్లు సున్నా.

అవి సున్నా కావని చెప్పింది నా పక్క యంత్రం మీద పనిచేసిన గుజరాతీ అక్క. 1972లో ఇదీ అమీన్ తరిమేస్తే ఉగాండా నుంచి వచ్చిన కుటుంబం వారిది. ఇప్పటికీ లఫ్‌బరోలోనే ఉంటుంది. ‘బెన్ (చెల్లీ), ఇంట్లో పిల్లలతో ఉన్న ఏళ్లకు కూడా రక్షణ ఉంది, అడుగు’ అంది ఫోనులో. 1978 నుంచి 2010 వరకు, పిల్లల కోసం సర్కారు ఇచ్చే భత్యం తన పేరు మీద తీసుకున్న తల్లికి ఆ ఏళ్లు పెన్షను లెక్కలో కలిపే ఏర్పాటు ఒకటి ఉండేది. హోమ్ రెస్పాన్సిబిలిటీస్ ప్రొటెక్షన్ అంటారు. అయితే 2000 మే నెలకు ముందు భత్యం దరఖాస్తులో ఇన్సూరెన్స్ నంబరు తప్పనిసరి కాదు. అందువల్ల చాలామంది తల్లుల ఏళ్లు వారి ఖాతాలకు అతకనే లేదు. మీలో ఎవరైనా ఆ రోజుల్లో అక్కడ పిల్లల్ని పెంచి ఉంటే, ఈ ముక్క చదివిన వెంటనే, ఆ ఏళ్లు కలపమని అడిగే సీఎఫ్ 411 ఫారం తెప్పించుకోండి. మిగతాది తీరిగ్గా చదవండి.

అక్క మాత్రం తన మొదటి ఏళ్లు కొన్ని పోగొట్టుకుంది. 1977 దాకా పెళ్లైన స్త్రీలు తక్కువ చందా ఎంచుకునే వీలుండేది. లెస్టర్‌లో ఆమె మొదట చేరిన చోట గుమస్తా ఒకడు ‘మీకెందుకమ్మా, మీ ఆయనకు వస్తుందిగా’ అని సంతకం పెట్టించాడు. ఆ ఏళ్లకు సొంత పెన్షను లేదు. చేతికి నాలుగు డబ్బులు ఎక్కువ వస్తాయని ఆడవాళ్ల ముసలితనాన్ని తాకట్టు పెట్టించిన ఆ పద్ధతిని తలచుకుంటే ఈ రోజుకీ నాకు ఒళ్లు మండుతుంది.

సరే, ఫారం పంపాను. ఇక్కడి నుంచి అసలు పురాణం.

పెన్షనువాళ్ల దగ్గరున్న ఫ్యాక్టరీ లెక్కల్లో నేను ఒక మనిషిని, పిల్లల భత్యం లెక్కల్లో ఇంకో మనిషిని. మన పేర్లలో ఇంటిపేరు ముందు, అసలు పేరు వెనక. ఫ్యాక్టరీ జీతాల గుమస్తా మావారి పేరులో చివరి మాట పట్టుకుని, అదే ఇంటిపేరనుకుని, దాని ముందు మిసెస్ తగిలించాడు. అంటే నా ఇంటిపేరు మా ఆయన పేరు అయిపోయింది. ఇన్సూరెన్స్ నంబరు అలాగే వచ్చింది. ఫ్యాక్టరీలో అందరూ ‘మి డక్’ అని, ఆ ప్రాంతపు ముద్దుపేరుతోనే పిలిచేవారు కాబట్టి నాకూ పట్టింపు లేకపోయింది. అమ్మాయి పుట్టినప్పుడు జననాల నమోదు చేసిన పెద్దావిడ ఒక్కొక్కటీ అడిగి, అసలైన ఇంటిపేరు రాయించుకుంది. భత్యం ఆ పేరు మీద వచ్చింది. నాలుగు వారాలకోసారి పోస్టాఫీసులో పుస్తకం చూపించి తీసుకునేదాన్ని.

వాళ్ల ఆఫీసుకు ఫోను చేశాను. గంటసేపు సంగీతం విన్నాక ఒక కుర్రాడు పలికాడు. అంతా చెప్పాను. కాసేపు మౌనం. తర్వాత అడిగాడు:

‘భత్యం తీసుకున్న మహిళ తరఫున మీరు మాట్లాడుతున్నారా?’

‘ఆ మహిళను నేనే.’

‘అయితే ఫ్యాక్టరీలో పనిచేసిన మహిళ?’

‘ఆవిడా నేనే.’

‘ఆ రెండో మహిళ జీవించి ఉన్నారా? ఆవిడను ఒకసారి ఫోనులోకి పిలవగలరా?’

పక్క గదిలో మావారు నవ్వు ఆపుకోలేక దగ్గుతున్నారు. నేను గొంతు మార్చి ‘హలో’ అందామా అనుకున్నాను. తర్వాత అతని మాట తీరు మారింది. వేరొకరి ఏళ్లను నా ఖాతాలో కలపమని అడగడం ఎంత పెద్ద నేరమో వల్లించాడు. తెనాలి బడిపంతులు కూతురిని, దొంగలెక్క రాయించడానికి ఫోను చేశానట! చెవుల దాకా వేడెక్కింది.

అక్కడే ఉన్నానని రుజువు చేయమన్నాడు. ఏం చెప్పమంటారు? నా యంత్రం నెత్తిన గుండ్రటి చక్రం, దాని అంచు చుట్టూ సూదిమొనలు. మంచి ఉన్ని మేజోడు వేళ్ల దగ్గర తెరిచి ఉండగా నా చేతికి వచ్చేది. ఆ అంచులోని కుట్లు ఒక్కొక్కటీ ఒక్కొక్క మొనకు తగిలించాలి, కళ్లతో కాదు, వేలికొసలతో. ఒక్క కుట్టు జారిందా, ఉతికిన మొదటిసారే బొటనవేలు బయటికొస్తుంది, సూపర్వైజరు డజను మొత్తం వెనక్కి కొడుతుంది. మాకు కూలి డజన్ల లెక్కన. రెండో ఏడు వచ్చేసరికి మా వరుసలో నాకంటే ఎక్కువ డజన్లు దించినవారు లేరు. అక్కడే పుట్టి పెరిగినవాళ్లు కూడా నా చేతులకేసి చూసేవారు. ఇది గొప్ప చెప్పుకోవడమే, చెప్పుకుంటాను. వేళ్ల భాగం తనంతట తానే మూసే యంత్రం ఒకటి వస్తుందని పుకారు పుట్టినప్పుడు, 1816లో ఇదే ఊళ్లో హీత్‌కోట్ లేసు ఫ్యాక్టరీ యంత్రాలను సుత్తులతో పగలగొట్టిన ముచ్చట చెప్పుకుని ముసలమ్మలు నవ్వేవారు. ఆ యజమాని ఊరు విడిచి దూరాన టివర్టన్‌కు వెళ్లిపోయాడట. వేసవిలో రెండు వారాలు ఫ్యాక్టరీలన్నీ మూతపడితే ఊరంతా స్కెగ్నెస్ సముద్రానికి. నవంబరులో జాతర వచ్చి నడిబజారులోనే రంగులరాట్నాలు పెట్టేస్తే బస్సులు వేరే దారిన తిరిగేవి. మేము పిల్లను భుజాన వేసుకుని, నూనె వాసన, వేయించిన ఉల్లిపాయల వాసన, చలి, అన్నీ పీల్చుకుంటూ రాత్రి దాకా తిరిగేవాళ్లం. క్వీన్స్ పార్కులో గంటల గోపురం ఉంది. మొదటి ప్రపంచయుద్ధంలో పోయిన ఊరి కుర్రాళ్ల కోసం 1923లో కట్టారు, నలభై ఏడు గంటలు. అన్నింటికన్నా పెద్దది, గంటలు పోసే ఆసామి యుద్ధంలో చనిపోయిన తన ముగ్గురు అన్న కొడుకుల పేరున ఇచ్చింది. ఆ గోపురం కిందే మా అమ్మాయి మొదటి అడుగులు వేసింది.

ఇవన్నీ చెప్పబోతే ‘అవి నా తెర మీద లేవు’ అన్నాడు.

తర్వాత ఉత్తరం. పెళ్లి సర్టిఫికెట్ పంపమని. 1980లో తెనాలిలో జరిగిన పెళ్లికి సర్టిఫికెట్ ఎవరు తీసుకున్నారు? శుభలేఖ ఉంది, నలుపు తెలుపు ఫొటోలు ఉన్నాయి. మేమిద్దరం, సాక్షులుగా మా మరిది, మా చిన్నమ్మ కూతురు, ఇంకో బంధువు, అందరం కలిసి రిజిస్ట్రారు ఆఫీసుకు ఊరేగాం. చుట్టూ పూలదండల్లో పిల్లజంటలు. గుమస్తా మమ్మల్ని చూసి ‘మనవరాలి పెళ్లా అమ్మా, వధూవరులు రాలేదే?’ అన్నాడు. ‘వధువును నేనే’ అన్నాను. ఆ ఏడాది నేను ఎవరినో చెప్పుకోవడంతోనే సరిపోయింది. తీరా సర్టిఫికెట్ చేతికొస్తే, అందులో నా పేరు పుట్టింటి ఇంటిపేరుతో ఉంది. ఇద్దరం కాస్తా ముగ్గురమయ్యాం.

మధ్యలో ఒక కన్సల్టెంటు తగిలాడు, వచ్చే బకాయిలో నాలుగో వంతు ఇస్తే చేసిపెడతానని. ఇలాంటి వాళ్లకు ఒక్క రూపాయి ఇవ్వకండి. వాళ్లు నింపేది మీరు నింపగల ఫారమే. మావారికి ఇంకో మాట. 1993లో సామాను కట్టేటప్పుడు తన ఏడాది చివరి జీతం కాగితాలు, పీ60లు, వరుసగా దాచుకున్నారు. నావి ‘చెత్త’ అని పారేశారు. అక్కడ పనిచేసే ఆడపిల్లలకు చెబుతున్నాను, మీ కాగితాల ఫైలు మీ పెట్టెలోనే పెట్టుకోండి. పెళ్లి నగలు పోతే మళ్లీ చేయించుకోవచ్చు.

చివరికి దారి చూపింది మా అమ్మాయి. దాని జనన సర్టిఫికెట్ పూర్తి నకలు ఆన్‌లైన్‌లో తెప్పించింది, పన్నెండున్నర పౌండ్లు. ఆ పెద్దావిడ చేతిరాతలో అన్నీ ఉన్నాయి. తండ్రి పేరు ఇంటిపేరుతో సహా, తల్లి పేరు, తల్లి పుట్టింటి ఇంటిపేరు, ఇంటి చిరునామా. ఫ్యాక్టరీవాళ్లు నా పేరు మీద పంపిన లెక్కల్లోనూ అదే వీధి, అదే తలుపు నంబరు. ముగ్గురు ఆడవాళ్లు ఒకే తలుపు వెనక దొరికారు. పెళ్లి సర్టిఫికెట్ వృథా పోలేదు, పుట్టింటి పేరును కలిపింది. మూడు కాగితాలూ ఒక పేజీ వివరణతో, ఎవరు ఎవరో బాణం గుర్తులు గీసి పంపాను. బాణాలు గీయండి. వాక్యాలు వాళ్లు చదవరు.

నాలుగేళ్లు కలిశాయి. పన్నెండు. క్షమాపణ ఒక వాక్యం, ఎవరికి చెబుతున్నారో కూడా తెలియని రకం.

ఇంకో రెండు సంగతులు చెప్పాలి. అప్పుడప్పుడు బతికున్నామని ధ్రువపత్రం పంపమంటారు, సాక్షి సంతకంతో. గడువు దాటితే పెన్షను ఆపేస్తారు, కాబట్టి వచ్చిన రోజే పూర్తి చేయండి. రెండోది, ఇండియాలో ఉన్నవారికి ఈ పెన్షను మొదట ఎంత వస్తుందో అంతే, ఏటా పెరగదు. అమెరికాలోనో ఫిలిప్పీన్స్‌లోనో స్థిరపడినవారికి పెరుగుతుంది. మనకూ, కెనడా, ఆస్ట్రేలియా వారికీ పెరగదు. ఒకే వరుసలో, ఒకే రేటుకు డజన్లు దించిన చేతులకు ఈ తేడా ఏమిటో ఎవరూ చెప్పరు. అయితే తిరిగి బ్రిటన్ వెళ్లి ఉన్నన్ని రోజులకూ పెరిగిన రేటు అడగొచ్చు. వచ్చే నవంబరు జాతరకు అక్క రమ్మంటోంది. ఆ వారాల తేడా ఎన్ని పౌండ్లో, దానికి ఏ కాగితం పెట్టాలో కనుక్కోవడానికి ఈ రోజు పొద్దున్నే ఫోను చేశాను. ప్రస్తుతం సంగీతం వింటున్నాను.