ఆషాఢంలో అమ్మకానికి పెట్టిన ఇల్లు

చెన్నైలో విమానం దిగి, తిరుత్తణి దాటాక నగరి కొండలు కనబడ్డాయి. ఎప్పుడూ ఆ కొండలు చూడగానే ఇంటికొచ్చేసినట్టే ఉండేది. ఈసారి డాలస్ నుంచి వచ్చింది ఆ ఇల్లు అమ్మడానికే. అమ్మ పోయినప్పటి నుంచి తిరుపతి బైరాగిపట్టెడలో ఇంటికి తాళమే.

2025 జూన్ చివర అది. పిల్లల బడి సెలవుల్లోనే నాకు వీలు. ఇక్కడేమో ఆషాఢం. నాన్నకు తెలిసిన బ్రోకరు గేటు దగ్గరే తేల్చి చెప్పేశాడు: "ఈ నెలలో అడ్వాన్సు ఎవురిస్తారు సామీ? అయినా మూడ్నెల్లుగా బేరాల్లేవు. కొనేవాళ్లు ఉండారు, వాళ్లకి తొందర లేదు."

తొందర ఎందుకు లేదో అలిపిరి మెట్లెక్కిన రోజు అర్థమైంది. పిల్లలతో గాలిగోపురం దగ్గర ఆగి కిందికి చూస్తే, రేణిగుంట వైపు ఎంత దూరం చూసినా కొత్త అపార్ట్‌మెంట్లే. ఇన్ని ఖాళీగా ఉంటే నాన్న 1994లో ముప్పై అంకణాల్లో కట్టిన పాత ఇంటికి ఎవరు ఎగబడతారు? ఇక్కడ అంకణమంటే 36 చదరపు అడుగులు, రేటంతా ఆ లెక్కలోనే. వీధిలో వాళ్లు చెప్పే రేట్లు మార్కెట్ బాగున్నప్పటివి. నేను వాటిని పట్టించుకోలేదు. మా వీధిలో ఈ మధ్య ఏ ధరకు చేతులు మారాయో కొన్నవాళ్లనే అడిగి తెలుసుకున్నాను.

మొదట వచ్చినాయన సగం బ్లాక్‌లో ఇస్తానన్నాడు. ఒప్పుకోలేదు. అది చట్టవిరుద్ధం, పైగా ఆ నోట్ల కట్టలు నేను ఏ బ్యాంకులో వేయాలి? రెండో ఆయనకు ఇల్లు నచ్చింది, ధరా నచ్చింది. నేను ఎన్‌ఆర్‌ఐనని తెలియగానే "ఆ టీడీఎస్ టెన్షన్ మాకొద్దన్నా" అని వెళ్లిపోయాడు.

ఆయన భయం న్యాయమైనదే. టీడీఎస్ అంటే కొనేవాళ్లు ఇచ్చే ధరలోంచి కొంత పన్నుగా కోసి ప్రభుత్వానికి కట్టడం. ఇక్కడ ఉండేవాళ్ల దగ్గర కొంటే, ధర 50 లక్షలు చేరితే 1 శాతం కోసి కడితే సరిపోతుంది. ఎన్‌ఆర్‌ఐ దగ్గర కొంటే ఆ పరిమితి లేదు. 12.5 శాతం, దాని మీద వర్తిస్తే సర్‌చార్జీ, సెస్సు కోయాలి. 2025లో కొనేవాళ్లు ఆ పన్ను కట్టడానికి టాన్ అనే నంబరు కూడా తీసుకోవాల్సి వచ్చేది. ఆదాయపు పన్ను శాఖ ఇచ్చే తక్కువ టీడీఎస్ సర్టిఫికెట్ లేకపోతే లాభం మీద కాకుండా మొత్తం ధర మీదే కోసేస్తారు. అమ్మేవాడు రీఫండ్ కోసం ఎదురుచూడాలి. మార్కెట్ ఊపుమీద ఉన్నప్పుడు కొనేవాళ్లు ఇవన్నీ సర్దుకుంటారు. మందకొడిగా ఉన్నప్పుడు పక్కింటికి పోతారు. ధర తగ్గించడం కన్నా ముందు ఈ చిక్కు తీయాలనిపించింది.

ఆడిటర్‌ని పట్టుకుని, లాభం లెక్క కోసం వాల్యూయర్‌తో ఇంటికి 2001 ఏప్రిల్ 1 నాటి విలువ కట్టించి, సర్టిఫికెట్‌కి దరఖాస్తు పెట్టించాను. ఈసీ (ఇంటి మీద రిజిస్టరైన లావాదేవీలు చూపే పత్రం), లింకు డాక్యుమెంట్లు (పాత దస్తావేజులు), ప్లాను, వారసుల సర్టిఫికెట్ అన్నీ ఒక ఫైల్లో పెట్టాను. ఇంట్లో సగం వాటా ఉన్న చెల్లెలు చిత్తూరు నుంచి వచ్చి, నాన్న ట్రంకుపెట్టె దించి పాత రసీదులు ఏరింది. సిమెంటు బిల్లుల వెనక నాన్న రాసుకున్న కూలీల లెక్కలు చూసి ఇద్దరం ఏడ్చాం. అమ్మొద్దులే అని చెల్లెలు ఒక్క మాట అంటే ఆ రాత్రి ఆగిపోయేవాణ్ణే. "తాళమేసి పెడితే గోడలు చెడిపోతాయన్నా" అంది.

శ్రావణం రాగానే ఒక లెక్చరర్ దంపతులు వచ్చారు. ఫైలు చూసి, మా ఆడిటర్‌తో వాళ్లే మాట్లాడుకున్నారు. బేరం గట్టిగానే చేశారు. కానీ ప్రభుత్వం కట్టిన రిజిస్ట్రేషన్ విలువ మేం అమ్మే ధర కన్నా 10 శాతానికి మించి ఎక్కువుంటే, చేతికి రాని డబ్బుకీ మేమే పన్ను కట్టాలి. వాళ్లకూ పన్ను పడుతుంది. అది చెప్పాక ఒక అంకెకి కుదిరింది. మేం ఆశపడినదానికన్నా బాగా తక్కువే. అయినా ఇంకో రెండేళ్లు పాడుపడనివ్వడం కన్నా ఇదే నయమనుకుని అగ్రిమెంట్ రాసుకున్నాం. నా తరఫున సంతకానికి చెల్లెలి పేర పవరాఫటార్నీ రిజిస్టర్ చేయించి విమానమెక్కాను.

సర్టిఫికెట్ వచ్చి రిజిస్ట్రేషన్ అయ్యేసరికి దసరా దాటింది. నా వాటా ఎన్‌ఆర్‌ఓ ఖాతాలో (ఎన్‌ఆర్‌ఐలకు ఇక్కడి బ్యాంకులో ఉండే ఖాతా) ఉంది. ఏడాదికి 10 లక్షల డాలర్ల దాకా బయటికి పంపుకోవచ్చు కాబట్టి ఆ తొందరేమీ లేదు. చెల్లెలు తన వాటాతో చిత్తూరులో ఇంటి లోన్ మొత్తం కట్టేసింది.