కెంటకీ భూమి కాగితాల్లో మా అత్తగారి వంశం

మా అత్తగారు పుట్టి పెరిగింది కెంటకీ రాష్ట్రంలోని మాడిసన్ కౌంటీలో. వాళ్ల మూలపురుషుడు, కెంటకీకి దారి తీసిన తొలి వలసదారుల్లో పేరున్న డేనియల్ బూన్ కాలంలోనే, కొండల మధ్య దారి అయిన కంబర్లాండ్ కనుమ దాటి వచ్చి అక్కడ స్థిరపడ్డాడని వాళ్లింట్లో అందరూ చెబుతారు. కాగితం మాత్రం ఎవరి దగ్గరా లేదు. మా పిల్లలకు నా వైపు వాళ్ల సంగతులు బాగానే తెలుసు. వాళ్లమ్మ వైపువి కూడా తెలియాలని ఈ పని నెత్తికెత్తుకున్నాను. అమెరికా కుటుంబాలతో వియ్యమందిన మనవాళ్లకు పనికొస్తుందని రాస్తున్నాను.

1850 దాకా వెనక్కి వెళ్లడం సులువే. ఆ ఏడాది జనాభా లెక్కల నుంచి ఇంట్లో ఉన్న ప్రతి స్వతంత్ర వ్యక్తి పేరూ, వయసూ, పుట్టిన రాష్ట్రమూ రాశారు. అంతకు ముందు లెక్కల్లో ఇంటి యజమాని పేరొక్కటే ఉంటుంది. మిగిలినవాళ్లు ఫలానా వయసు ఆడవాళ్లు ఇంతమంది, మగవాళ్లు ఇంతమంది అని అంకెలుగా మిగిలిపోయారు. కెంటకీకి సంబంధించి 1790, 1800 లెక్కలైతే అసలు లేవు. మాకు కావలసింది సరిగ్గా ఆ కాలమే.

ఆన్‌లైన్‌లో ఎవరెవరో పెట్టిన వంశవృక్షాలు కొల్లలు. ఇంటిపేరు కలిస్తే చాలు, తెచ్చి బూన్ కుటుంబానికో మరో పెద్ద కుటుంబానికో అతికించేస్తారు. బూన్ సంగతి వేరు. ఆయన తాత జార్జ్ బూన్ ఇంగ్లండ్‌లోని డెవన్ నుంచి 1717లో పెన్సిల్వేనియా వచ్చిన క్వేకర్, అంటే ఒక క్రైస్తవ శాఖవాడు. పుట్టుకలూ పెళ్లిళ్లూ రాసి భద్రపరచడం క్వేకర్లకు అలవాటు కాబట్టి ఆ వంశం స్పష్టంగా తెలుస్తుంది. అడవి నరుక్కుని మొక్కజొన్న వేసుకున్న మామూలు మనిషికి అలాంటి రికార్డులు ఎక్కడివి? అతని జాడ దొరికేది భూమి కాగితాల్లోనే.

వాటికంటే ముందు పన్ను పుస్తకాలు చూశాను. నా మట్టుకు నాకు వీటిని మించిన ఆధారం లేదు. కెంటకీ పన్ను జాబితాల్లో మనిషి పేరు, ఎకరాలు, గుర్రాలతో పాటు భూమి ఏ వాగు ఒడ్డున ఉందో రాసే గడి కూడా ఉంటుంది. మా అత్తగారి ఇంటిపేరుతో, అదే మొదటి పేరుతో ఇద్దరున్నారు. ఒకతని భూమి మడ్డీ క్రీక్ మీద, రెండో అతనిది సిల్వర్ క్రీక్ మీద. ఏడాది తర్వాత ఏడాది వాగుని పట్టుకుని వెళ్తే ఇద్దరూ విడివడ్డారు. ఇరవై ఒక్క ఏళ్లు దాటిన మగవాళ్ల లెక్క కూడా అందులో ఉంటుంది కాబట్టి, ఏ ఇంట్లో కొడుకు ఎప్పుడు పెద్దవాడయ్యాడో కూడా తెలిసింది. మావాళ్లది మడ్డీ క్రీక్.

ఇక భూమి కాగితాలు. కెంటకీ 1792 దాకా వర్జీనియాలో భాగం. 1778కి ముందే వచ్చి స్థిరపడినవాళ్లకు 400 ఎకరాలు, దాన్ని ఆనుకుని మరో వెయ్యి ఎకరాలు కొనుక్కునే హక్కు ఇస్తూ వర్జీనియా 1779లో చట్టం చేసింది. వారంటు (భూమికి అనుమతి పత్రం), ఎంట్రీ (ఏ నేల కావాలో నమోదు), సర్వే (కొలత), గ్రాంటు (చివరి పట్టా) అని నాలుగు మెట్లు. కెంటకీ రాజధాని ఫ్రాంక్‌ఫర్ట్‌లోని ల్యాండ్ ఆఫీసు వీటిని ఆన్‌లైన్‌లో ఉచితంగా చూపిస్తుంది. సర్వే కాగితం చదువుతుంటే మన దస్తావేజుల్లోని చెక్కుబందీ గుర్తొచ్చింది. రెండు షుగర్ (మేపుల్) చెట్ల దగ్గర మొదలుపెట్టి, ఇన్ని పోల్స్ దూరం ఈశాన్యంగా తెల్ల ఓక్ చెట్టు దాకా, అక్కడి నుంచి వాగు దాకా... పోల్ అంటే పదహారున్నర అడుగులు. పక్కవాళ్ల భూములు కూడా కాగితం మీద గీసి కలుపుకుంటూ పోతే ఇరుగుపొరుగు ఎవరో తేలింది. వాళ్లలో సగంమంది తర్వాత వియ్యంకులయ్యారు.

చెట్లే హద్దులు కావడంతో ఒకే నేల మీద ఇద్దరు ముగ్గురికి హక్కు పడింది. సర్వేయరుగా పనిచేసిన బూన్ కూడా అలాగే భూములు పోగొట్టుకుని 1799లో మిస్సోరికి వెళ్లిపోయాడు. అసలు ఆ నేల అమెరికా మూలవాసులైన షానీ, చెరోకీ జాతుల వేటభూమి. వాళ్ల మాట ఈ కాగితాల్లో ఎక్కడా లేదు. హద్దు తగాదాల వల్ల మాత్రం మాకు మేలే జరిగింది. కోర్టుకెక్కిన పొరుగువాళ్లు సాక్ష్యాల్లో ఎవరు ఎప్పుడు వచ్చారో, ఎక్కడ గుడిసె వేశారో చెప్పారు.

మా అత్తగారి మూలపురుషుడి భార్య పేరు ఎక్కడా కనబడలేదు. చివరికి ఒక అమ్మకం దస్తావేజులో దొరికింది. భర్త ఆస్తిలో మూడో వంతు మీద ఆవిడకు జీవితకాలపు హక్కు ఉంటుంది, దాన్ని వదులుకుంటే గాని అమ్మకం పూర్తి కాదు. అందుకని అధికారులు ఆవిడను భర్తకు దూరంగా కూర్చోబెట్టి, ఇష్టపూర్వకంగానే ఒప్పుకుంటున్నావా అని అడిగి రాసుకున్నారు. పేరు పక్కన ఒక ఇంటూ గుర్తు. రాయడం రాని చెయ్యి పెట్టిన గుర్తు అది. మా అత్తగారు స్క్రీన్ మీద ఆ గుర్తును పెద్దది చేసుకుని చాలాసేపు చూశారు.

ఆ పెద్దాయన పోయాక వేసిన ఆస్తి మదింపు కూడా చదివాం. గుర్రాలకూ ఇనప కుండలకూ మధ్యన బానిసల పేర్లు, ఒక్కొక్కరి పక్కన ఒక ధర. అందులో పిల్లలు కూడా ఉన్నారు. 1850 నాటి బానిసల జాబితాల్లో దాదాపు ఎక్కడా పేర్లు ఉండవు, వయసూ రంగూ తప్ప. అందుకే ఇలాంటి మదింపు కాగితం వాళ్ల వారసులకు ఎంత విలువైనదో చెప్పలేను. ఆ పేర్లన్నీ ఉన్నవున్నట్టు దించి, అందరికీ కనబడేలా వంశవృక్షంలో పెట్టాం. పెట్టాల్సిందేనని మా అత్తగారే పట్టుబట్టారు.

ఇప్పుడు ఇంటూ గుర్తు పెట్టిన ఆ మూలపురుషుడి భార్య పుట్టిల్లు వెతుకుతున్నాం. ఆ రోజుల్లో పెళ్లికి అడ్డేమీ లేదని హామీగా పెళ్లికొడుకు యాభై పౌండ్ల బాండు రాయాలి, జామీనుగా తరచు పెళ్లికూతురి తండ్రో అన్నో సంతకం చేసేవాడు. మాడిసన్ కౌంటీ లింకన్ కౌంటీ నుంచి విడిపోయింది కాబట్టి లింకన్ బాండ్లు మా అత్తగారు చూస్తున్నారు. అక్కడ లేకపోతే పెళ్లి వర్జీనియాలోనే జరిగి ఉండాలి. ఆ వైపు పుస్తకాలు నేను మొదలుపెట్టాను.